పాత ఫోటోలో సైనికుడు: టోపీ, భుజం అక్షరాలు, రిబ్బన్లు చూసి రెజిమెంటు చెప్పగలరా?

శారదానది అడిగిన ప్రశ్న

మా ముత్తాతగారి ఫోటో ఒకటి ఇంట్లో ఉంది. పోస్టుకార్డు సైజు, నలుపు తెలుపు, స్టూడియోలో నిలబెట్టి తీసింది. వెనక స్టూడియో ముద్ర సగం చెరిగిపోయింది. "బెంగుళూరు కంటోన్మెంట్" వరకు చదవగలుగుతున్నాం, తేదీ లేదు. ఆయనది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవి రెండే మాటలు: "హైదరాబాద్ రెజిమెంటు", "బర్మా వెళ్లొచ్చాడు". కాగితాలు, పతకాలు ఏవీ మిగల్లేదు.

ఫోటోలో కనిపించేవి: తల మీద తలపాగా కాదు, ముందుకు వచ్చే అంచు లేకుండా నిటారుగా గట్టిగా ఉన్న ముదురు రంగు గుండ్రటి టోపీ. భుజం మీద లోహపు అక్షరాలు వంపుగా ఉన్నాయి, చదవడానికి రావట్లేదు. చొక్కా చేతి మీద "వి" ఆకారంలో రెండు పట్టీలు, మొన కిందికి. వాటికి పైన, భుజానికి దగ్గరగా, చదరపు గుడ్డ ముక్క కుట్టి ఉంది. ఎడమ రొమ్ము మీద రెండు రిబ్బన్లు. కింద నిక్కరు, మేజోళ్లు, చీలమండల దగ్గర చుట్టిన పట్టీలు, బూట్లు.

ఏ రెజిమెంటు, ఏ కాలం, సర్వీసు రికార్డు కోసం ఎవరికి రాయాలి? తెలిసినవారు చెప్పగలరు.

---

గాజుపలక జవాబు

ముందు స్కాన్ సంగతి చూడండి. ఫోన్‌తో తీసిన కాపీలో భుజం అక్షరాలు ఎప్పటికీ తేలవు.

పోస్టుకార్డు సైజులో మనిషి నిలువెత్తున ఉంటే భుజం మీది ఇత్తడి ముక్క ఫోటోలో 3 మిల్లీమీటర్లకు మించదు. 300 డీపీఐలో (అంగుళానికి ఇన్ని చుక్కలు అనే స్కాన్ కొలతలో) స్కాన్ చేస్తే ఆ 3 మిల్లీమీటర్లకు దక్కేది 35 పిక్సెళ్లు, అక్షరాలు మసకగానే ఉంటాయి. 1200 డీపీఐలో 140 పిక్సెళ్లు వస్తాయి, చదవడానికి అది చాలు. ఫోటో నలుపు తెలుపే అయినా స్కాన్ మాత్రం రంగులోనే చేసి, టిఫ్ ఫైలుగా దాచండి. స్కానర్‌లో "షార్పెన్", "మచ్చలు తీసెయ్" లాంటివన్నీ ఆపెయ్యండి.

రంగులో ఎందుకంటే, పాత ప్రింట్ల మీద పసుపు మరకలు ఉంటాయి. ఫోటో సరిచేసే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను విడివిడిగా చూడొచ్చు. పసుపు మరక నీలం చానెల్‌లో నల్లగా దట్టంగా కనిపిస్తుంది, ఎరుపు చానెల్‌లో దాదాపు మాయమవుతుంది. అక్షరాలు వెతికేది ఎరుపు చానెల్‌లోనే. అంచుల్లో వెండి పూతలా మెరుస్తుంటే స్కానర్ వెలుతురుకు అది తెల్లబారుతుంది. అలాంటప్పుడు ఫోటోను కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేలా చూసి కెమెరాతో తీయండి. వెనక ముద్ర కూడా అలాగే తీయండి, చెరిగిన అక్షరాల నొక్కు తెలుస్తుంది.

ఫ్రేము అద్దానికి ఫోటో అతుక్కుపోయి ఉంటే మాత్రం పీకొద్దు. పైపొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఏఐతో "స్పష్టం" చేసే యాప్‌లు, రంగులద్దే యాప్‌లు దీనికి వాడకండి. అవి లేని అక్షరాలను కల్పిస్తాయి, రిబ్బన్ల చారలను మార్చేస్తాయి, టోపీ మీద బ్యాడ్జీ పుట్టిస్తాయి. ఇంట్లో అందరికీ పంచుకోవడానికి ఒక కాపీ చేసుకుంటే చేసుకోండి, గుర్తుపట్టడానికి మాత్రం అసలు స్కానే.

ఫోటో తిరగబడి ప్రింటయిందేమో కూడా చూడండి. మగవాళ్ల చొక్కాలో ఎడమ వైపు గుడ్డ కుడి వైపు గుడ్డ మీదికి వస్తుంది. రిబ్బన్లు ఆయన ఎడమ రొమ్ము మీద, అంటే చూసే మనకు కుడి పక్కన ఉండాలి. ఈ రెండూ సరిపోతే ఫోటో సరిగానే ఉంది.

---

పటాలం జవాబు

గాజుపలక గారు చెప్పిన స్కాన్ వచ్చాకే ఖాయంగా చెప్పగలం. అయినా మీరు రాసిన వివరాలు చాలా వరకు ఒకే దిక్కు చూపిస్తున్నాయి: మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్. కేంద్రం బెంగుళూరు, ఇప్పటి పేరు మద్రాస్ ఇంజినీర్ గ్రూప్. 1780లో మద్రాస్ పయనీర్లుగా మొదలైన దళం ఇది. తమిళులతో పాటు తెలుగువాళ్లను కూడా చేర్చుకునేవారు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు తీయడం వీళ్ల పని.

టోపీ మొదటి ఆధారం. మీరు చెప్పిన అంచులేని నిటారు టోపీని వాళ్లు "దూప్తా" అంటారు. అది శాపర్ల ప్రత్యేక గుర్తు, నేటికీ వేడుకల్లో పెట్టుకుంటారు. పనిలో, యుద్ధంలో వేరే టోపీలు ఉండేవి. స్టూడియోకి వెళ్లేటప్పుడు మాత్రం ముస్తాబుగా ఇదే పెట్టుకునేవాళ్లు. బెంగుళూరు కంటోన్మెంట్ ముద్ర దీనికి బలం ఇస్తుంది కానీ అదొక్కటే రుజువు కాదు. బెంగుళూరులో ఇంకా చాలా దళాలు ఉండేవి.

భుజం మీది అక్షరాలు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. చాలామంది ముందు టోపీ బ్యాడ్జీ కోసం వెతికి, అది దొరక్క అక్కడే ఆగిపోతారు. భారత సిపాయిల్లో ఎందరికో తలకు బ్యాడ్జీ ఉండేదే కాదు. దళం పేరు చెప్పేది భుజమే. స్కాన్‌లో మొత్తం పదాలు కనిపించకపోయినా మొదటి, చివరి అక్షరాలు పట్టుకోండి. శాపర్లయితే "క్యూ.వి.ఓ.", "మద్రాస్", "ఎస్ & ఎమ్" లాంటి ముక్కలు రావాలి. క్యూ.వి.ఓ. అంటే క్వీన్ విక్టోరియాస్ ఓన్. "ఆర్.ఐ.ఏ.ఎస్.సి." అని ఉంటే సరుకుల రవాణా దళం, మన జిల్లాల డ్రైవర్లు ఎందరో అందులో ఉన్నారు. "ఐ.ఏ.ఎమ్.సి." అయితే వైద్య దళం, అది 1943 ఏప్రిల్‌లో ఏర్పడింది. "ఐ.ఇ.ఎమ్.ఇ." అయితే మెకానిక్కుల దళం, 1943 మే. ఈ రెండింట్లో ఏది కనిపించినా ఫోటో అంతకు ముందుది కాదని ఇట్టే తేలిపోతుంది.

చేతి మీది రెండు పట్టీలు నాయక్ హోదా. ఒకటైతే లాన్స్ నాయక్, మూడైతే హవల్దార్. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది: ఎడమ చేతి మణికట్టు దగ్గర, మొన పైకి ఉన్న పట్టీలు హోదా కాదు, సత్ప్రవర్తనకు ఇచ్చేవి. మీరు మొన కిందికి అన్నారు కాబట్టి నాయకే. భుజం మీద నక్షత్రాలు ఉంటే జమేదారు (ఒకటి), సుబేదారు (రెండు). జమేదారును నాయబ్ సుబేదారుగా మార్చింది 1965లో, కాబట్టి పాత కాగితాల్లో ఆ మాట కోసం వెతకొద్దు.

కాలం సంగతి. పట్టీలు చీలమండల దగ్గరే ఆగిపోయాయి అంటున్నారు, మోకాలి దాకా చుట్టలేదు. మోకాలి దాకా చుడితే మొదటి ప్రపంచ యుద్ధం నుంచి 1930ల వరకు అనుకోవచ్చు. పొట్టి పట్టీలు, జబ్బ మీద చదరపు గుడ్డ గుర్తు కలిసి కనిపిస్తే రెండో ప్రపంచ యుద్ధం.

మద్రాస్ రెజిమెంటు ఎందుకు కాకూడదని ఎవరైనా అడగొచ్చు. మద్రాసు పదాతి దళపు రెగ్యులర్ పటాలాలను 1920లలో ఒక్కొక్కటిగా రద్దు చేసి, 1928కల్లా పూర్తిగా తీసేశారు. 1941లో మళ్లీ మొదలుపెట్టారు. మద్రాస్ పయనీర్లను 1933లో రద్దు చేశారు. కాబట్టి 1930ల ఫోటోలో తెలుగు సైనికుడు కనిపిస్తే శాపర్లు, రవాణా, వైద్యం లాంటి దళాలే ముందు చూడాలి. 1941 తర్వాతి ఫోటో అయితే మద్రాస్ రెజిమెంటు కూడా లెక్కలోకి వస్తుంది. దాని గుర్తు ఏనుగు. ఆ ఏనుగు 1803 నాటి అస్సాయే యుద్ధానిది.

---

శారదానది

ఇద్దరికీ ధన్యవాదాలండీ. 1200లో స్కాన్ చేయించి ఎరుపు చానెల్ చూశాం. భుజం అక్షరాల్లో చివర "ఎస్", "&" లాంటి గుర్తు, "ఎమ్" స్పష్టంగా ఉన్నాయి. మొదట్లో గుండ్రటి అక్షరం ఒకటి, "క్యూ" కావచ్చు లేదా "ఓ" కావచ్చు. చొక్కా గుండీలు సరైన వైపే ఉన్నాయి. చదరపు గుడ్డలో లేత రంగు నేల మీద నల్లటి జంతువు, తోక పైకి లేపి ఉంది. రిబ్బన్లలో మొదటిది మూడు సమానమైన చారలు. రెండోది దాదాపు అంతా ముదురుగా ఉండి, మధ్యలో వెడల్పు చార, రెండు పక్కలా సన్నగా లేత గీతలు.

అయితే ఇంట్లో చెప్పే "హైదరాబాద్ రెజిమెంటు" మాట ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది?

---

తార్నాక జవాబు

ఈ పేరు దగ్గర తెలుగు కుటుంబాలు చాలా మోసపోతాయి, కాబట్టి వివరంగా రాస్తాను.

"హైదరాబాద్" పేరుతో అప్పట్లో రెండు వేరువేరు సైన్యాలు ఉండేవి. మొదటిది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంటు. దాని మూలం నిజాం ఖర్చుతో నడిచిన పాత హైదరాబాద్ కంటింజెంట్. కానీ రెండో ప్రపంచ యుద్ధం నాటికి అందులో చేరేవాళ్లు కుమావూనీలు, అహీర్లు, జాట్లు. 1945లో దాని పేరునే కుమావూన్ రెజిమెంటుగా మార్చారు. అనకాపల్లి మనిషి అందులో సిపాయిగా ఉండటం దాదాపు జరగని పని. రెండోది నిజాం సొంత సైన్యం, హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్. అందులోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోట భారు విమానాశ్రయం దగ్గర జపాన్ సైన్యాన్ని ఎదుర్కొంది. అంతకు ముందు, మొదటి ప్రపంచ యుద్ధంలో, హైదరాబాద్ లాన్సర్లు (గుర్రపు దళం) జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో కలిసి పాలస్తీనా వైపు పనిచేశారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరి మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవే.

మీ ముత్తాతగారిది మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా. నిజాం సైన్యంలో చేరడానికి కారణం కనిపించదు. సికింద్రాబాద్ పెద్ద కంటోన్మెంటు. కొన్నాళ్లు అక్కడ ఉంచి ఉంటే ఇంటికి "హైదరాబాదులో ఉన్నాను" అని ఉత్తరం వచ్చి ఉండొచ్చు, అది తర్వాతి తరంలో రెజిమెంటు పేరయిపోవడం సులభం. భుజం మీద అక్షరాలు స్పష్టంగా ఉన్నప్పుడు నోటిమాట కన్నా వాటినే నమ్మండి.

తెలంగాణ కుటుంబాల్లో నిజంగానే నిజాం సైన్యంలో పనిచేసినవాళ్ల ఫోటోలు ఉంటే, వాటికి తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం పాలన నాటి రికార్డులు చూడాలి. ఆర్మీ రికార్డు ఆఫీసులు కాదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకొకటి. ఖాకీ నిక్కరు, బెల్టు ఉన్న ప్రతి ఫోటో సైనికుడిది కాదు. "ఎమ్.ఎస్.పి." అని భుజం మీద ఉంటే అది మలబార్ స్పెషల్ పోలీస్, 1921లో మద్రాసు ప్రభుత్వం ఏర్పాటు చేసిన సాయుధ పోలీసు దళం. యుద్ధ రిబ్బన్లు, జబ్బ మీద డివిజన్ (అనేక దళాలు కలిసిన పెద్ద సైన్య విభాగం) గుర్తు రెండూ లేకపోతే పోలీసు కోణం కూడా చూడాలి.

---

పటాలం జవాబు

శారదానది గారూ, మీరు ఇప్పుడు ఇచ్చిన వివరాలతో చాలా ముందుకు వెళ్లొచ్చు.

లేత నేల మీద, తోక లేపిన నల్లటి జంతువు నల్ల పిల్లి. 17వ ఇండియన్ డివిజన్ గుర్తు, పసుపు నేల మీద నల్ల పిల్లి. బర్మాలోనే మొదటి నుంచి చివరిదాకా పోరాడిన డివిజన్ అది. 1942లో వెనక్కి తగ్గింది, 1944లో తిడ్డిమ్ దారిలో, ఇంఫాల్ దగ్గర నిలబడింది, 1945 మార్చిలో మెయిక్‌టిలా పట్టుకుంది. ఇంట్లో చెప్పిన "బర్మా" మాట సరిపోయింది.

అయితే జంతువును ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. 26వ డివిజన్‌ది పులి, అది త్రికోణంలోంచి బయటికి వస్తున్నట్టు ఉంటుంది. 23వది కోడిపుంజు. ఫోటో మసకగా ఉంటే పుంజు తోక, పిల్లి తోక ఒకేలా అనిపిస్తాయి. పుంజుకు కాళ్లు రెండే. మిగతావాటిలో 4వది ఎర్ర గద్ద, 5వది నల్ల నేల మీద ఎర్రటి వృత్తం, 7వది బాణం, 19వది బాకు పట్టిన చెయ్యి, 25వది పేకలోని ఇస్పేటు.

రిబ్బన్లు. ఛాతీ మధ్యకు దగ్గరగా ఉన్నది వరుసలో మొదటిది, అక్కడి నుంచి భుజం వైపు చదవాలి. మూడు సమానమైన చారలు ముదురు నీలం, ఎరుపు, లేత నీలం అయితే 1939–45 స్టార్ అనే యుద్ధ పతకం. రెండోది బర్మా స్టార్‌కు సరిపోతుంది: ముదురు నీలం, మధ్యలో వెడల్పు ఎరుపు, రెండు పక్కలా నీలం మధ్యలో నారింజ గీత. ఆఫ్రికా స్టార్ అయితే ఇసుక రంగు నేల కాబట్టి మొత్తం లేతగా కనిపించి మధ్యలో మాత్రం ముదురు చార ఉండేది. ఈ రెండింటినీ నలుపు తెలుపులో కూడా విడదీయొచ్చు.

కానీ నలుపు తెలుపులో రంగు చదివేటప్పుడు ఫిల్మ్ ఏదో గుర్తుంచుకోవాలి. పాత స్టూడియోలు చాలాకాలం ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు వాడాయి. అవి ఎరుపు కాంతికి స్పందించవు. అందువల్ల ఎరుపు నల్లగా, నీలం లేతగా వస్తుంది. అలాంటి ప్లేటు మీద 1939–45 స్టార్‌లో మధ్య ఎర్ర చారే అన్నిటికన్నా నల్లగా ఉంటుంది. తర్వాతి పాంక్రొమాటిక్ ఫిల్మ్ మీద ముదురు నీలం నల్లగా, ఎరుపు బూడిద రంగులో వస్తాయి. మీ ఫోటోలో మూడు చారల్లో ఏది నల్లగా ఉందో చూస్తే ఏ ఫిల్మో తెలుస్తుంది. దాన్ని బట్టి బర్మా స్టార్‌లోని నారింజ గీతలు లేతగా రావడం సరైనదా కాదా అని తేల్చుకోవచ్చు. ఆర్థో ప్లేటు మీద నారింజ కూడా ముదిరి వస్తుంది. మీకు లేత గీతలు కనిపించాయి అంటే పాంక్రొమాటిక్ అయ్యే అవకాశమే ఎక్కువ.

బర్మా స్టార్‌ను ప్రకటించింది 1945 మేలో. కాబట్టి ఫోటో అంతకు ముందుది కాదు. 1945 ఆగస్టులో వచ్చిన వార్ మెడల్ రిబ్బను గానీ, 1946 జూన్‌లో వచ్చిన ఇండియా సర్వీస్ మెడల్ రిబ్బను గానీ ఆయన రొమ్ము మీద లేవు. రిబ్బన్లు అందడానికి ఆలస్యమయ్యేది కనుక నెలలు లెక్కగట్టొద్దు. 1945 రెండో సగం నుంచి 1946 లోపు, బర్మా నుంచి బెంగుళూరు కేంద్రానికి తిరిగొచ్చినప్పుడు తీయించుకున్న ఫోటో అని నా అభిప్రాయం.

మద్రాస్ శాపర్లు, నాయక్, 17వ డివిజన్. ఇంతవరకు ఫోటో చెప్పింది. ఏ ఫీల్డ్ కంపెనీ అన్నది ఫోటో చెప్పదు. దానికి కాగితం కావాలి.

---

పాతదస్త్రం జవాబు

కాగితం సంగతి నేను చెబుతాను.

రాయాల్సింది బెంగుళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ రికార్డ్స్ ఆఫీసుకు. వేరే దళాల వాళ్లు గమనించండి: మద్రాస్ రెజిమెంటు రికార్డ్స్ నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో, ఇ.ఎమ్.ఇ. (మెకానిక్కుల దళం), ఆర్డినెన్స్ (ఆయుధ సామగ్రి దళం) రెండూ సికింద్రాబాద్‌లో, సిగ్నల్స్ జబల్‌పూర్‌లో, ఆర్టిలరీ నాసిక్‌లో, వైద్య దళం లక్నోలో ఉన్నాయి. ఢిల్లీకి రాస్తే ఉత్తరం చేతులు మారుతూ కాలం పోతుంది.

ఉత్తరంలో సర్వీసు నంబరు ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా, కులం రాయాలి. అప్పటి నమోదుల్లో కులం గడి ఉండేది, ఒకే పేరున్న పదిమందిని విడదీయడానికి అది పనికొస్తుంది. పేరు దగ్గరే ఎక్కువ దరఖాస్తులు విఫలమవుతాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, సైన్యపు గుమస్తా చాలాసార్లు ఇంటిపేరు వదిలేసి మనిషి పేరు ఒక్కటే రాసుకున్నాడు. అప్పలస్వామి అన్న పేరును ఇంగ్లిషులో ఒకటిగా, రెండుగా విడగొట్టి, చివర "ఐ"తో, "వై"తో, నాలుగైదు రకాలుగా రాశారు. మీకు తోచిన స్పెల్లింగులన్నీ ఒకే ఉత్తరంలో ఇవ్వండి.

జిల్లా పేరు ఇప్పటిది కాదు, అప్పటిది ఇవ్వాలి. అనకాపల్లి అప్పుడు విశాఖపట్నం జిల్లా, ఇంగ్లిషులో "వైజాగపటం" అన్న స్పెల్లింగు. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో వచ్చాయి కాబట్టి ఆ ప్రాంతాల వాళ్లు కూడా చాలావరకు వైజాగపటం కిందే ఉంటారు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది, ఒంగోలు వాళ్లు గుంటూరు కింద వెతకాలి. పశ్చిమ గోదావరి 1925లో విడిపడింది. మొదటి యుద్ధంలో చేరిన మిలటరీ మాధవరం లాంటి ఊళ్ల మనుషులు అందుకే కృష్ణా జిల్లా కింద కనబడతారు, అదీ "కిస్ట్నా" అన్న పాత స్పెల్లింగుతో.

ఉత్తరంతో జతచేయాల్సినవి: ఫోటో స్కాన్ ప్రింటు, భుజం అక్షరాల పెద్ద ప్రింటు, మీకు ఆయనకు ఉన్న బంధుత్వం చూపే కాగితాలు, మీ గుర్తింపు కార్డు నకలు. స్పీడ్ పోస్టులో పంపండి. ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, వాళ్ల దగ్గర ఆయన పేరు నమోదై ఉందేమో అడగండి. అక్కడ పేరు ఉంటే సర్వీసు నంబరు కూడా ఉంటుంది.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. యుద్ధం అయ్యాక పెన్షన్ లేకుండా ఇంటికి పంపేసిన వాళ్లు చాలామంది. పెన్షన్ రాని వాళ్ల షీట్ రోల్‌ను (సర్వీసు వివరాల పత్రాన్ని) 25 ఏళ్ల తర్వాత నాశనం చేయడం ఆర్మీ నియమం. "రికార్డు లేదు" అని జవాబు వస్తే దాని అర్థం సాధారణంగా ఇదే, ఆయన సైన్యంలో లేడని కాదు. అందుకని మొదటి ఉత్తరంలోనే షీట్ రోల్‌తో పాటు "లాంగ్ రోల్"లో కూడా చూడమని స్పష్టంగా అడగండి. అది శాశ్వతంగా ఉంచే రిజిస్టరు. నంబరు, పేరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ లాంటివి అందులో దొరుకుతాయి.

ఆయన తిరిగొచ్చారు కాబట్టి కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ మీకు అక్కర్లేదు. యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలు మాత్రం ముందు అక్కడే వెతకాలి: 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 మధ్య సైన్యంలో ఉండగా మరణించినవాళ్ల వివరాలు వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఇచ్చారు.

---

శారదానది

పిల్లికి కాళ్లు నాలుగూ కనిపిస్తున్నాయి, మూడు చారల్లో ఎడమ పక్కది అన్నిటికన్నా నల్లగా ఉంది. లాంగ్ రోల్ చూడమని కలిపి బెంగుళూరుకు ఉత్తరం రాస్తున్నాం. కంపెనీ పేరు తెలిస్తే తర్వాత ఏం చేయాలి?

---

పటాలం జవాబు

ఎడమ చార నల్లగా ఉందంటే అది ముదురు నీలం, ఫిల్మ్ పాంక్రొమాటిక్. బర్మా స్టార్ అన్నది ఖాయం చేసుకోవచ్చు.

కంపెనీ నంబరు తెలిశాక ఆ కంపెనీ వార్ డైరీ చూడాలి. ఏ రోజు ఎక్కడ ఉన్నారు, ఏ వంతెన కట్టారు అన్నది అందులో రోజువారీగా ఉంటుంది. ఆగ్నేయాసియా రంగపు డైరీలు లండన్ నగర శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో "డబ్ల్యు.ఓ. 172" అన్న వరుసలో ఉన్నాయి. వాళ్ల కాటలాగులో కంపెనీ నంబరు, సంవత్సరం కొట్టి వెతకండి. మామూలు సిపాయిల పేర్లు డైరీలో అరుదుగా వస్తాయి, కాబట్టి ఆయన పేరు కోసం కాకుండా 1944, 45 సంవత్సరాల్లో కంపెనీ కదలికల కోసం అడగండి. అక్కడి నుంచి కాపీ తెప్పించుకోవడానికి డబ్బు కట్టాలి. పుటల సంఖ్యను బట్టి రేటు ఉంటుంది, కనుక రెండేళ్లూ ఒకేసారి కాకుండా ముందు 1945 మొదటి ఆరు నెలలు తెప్పించుకోండి. మెయిక్‌టిలా అందులోనే ఉంది.